ఈ చెరువు మత్తడి, ఆ చెరువుకు మొదలు

మిర్చి సీజన్ మొదలైందంటే వరంగల్‌లోని కాశిబుగ్గ రోడ్లకు ఊపిరాడదు. నర్సంపేట, నెక్కొండ, పర్వతగిరి పల్లెల నుంచి వచ్చే ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు, లారీలు ఏనుమాముల మార్కెట్ యార్డు దారి పడతాయి. ఆ బస్తాల్లో గుండ్రటి చపాట మిర్చి కూడా ఉంటుంది. జనం టమాటా మిర్చి అని పిలుచుకునే ఈ రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ బండ్లు వచ్చిన దారినే వెనక్కి వెళితే నర్సంపేట దాటాక కొండల నడుమ పాకాల చెరువు కనిపిస్తుంది. దాదాపు 30 చదరపు కిలోమీటర్ల నీళ్లు, ఎనిమిది వందల ఏళ్ల నాటి కట్ట. ఆ దారి పొడవునా పేరున్నవీ లేనివీ ఎన్నో కుంటలు, చెరువులు ఉన్నాయి. పాకాలను చూడటానికి వెళ్లే పర్యాటకులు వాటిని పట్టించుకోరు. కాకతీయుల నీటి కథ అర్థం కావాలంటే ముందు ఆ పేరులేని కుంటల దగ్గరే ఆగాలి.

ఓరుగల్లు రాజధానికి ఒక విచిత్రం ఉంది. పెద్ద రాజ్యాల రాజధానులు చాలావరకు నదీతీరంలో వెలిశాయి. అమరావతి కృష్ణ ఒడ్డున, రాజమహేంద్రవరం గోదావరి ఒడ్డున, విజయనగరం తుంగభద్ర ఒడ్డున. ఓరుగల్లుకు నది లేదు. గోదావరి ఈశాన్యాన ఎంతో దూరంలో, ఎంతో దిగువన పారుతుంది. కృష్ణ దక్షిణాన ఇంకా దూరం. రెండు నదుల పరీవాహకాల మధ్య గట్టు మీద, గ్రానైటు బండల నేల మీద కాకతీయులు రాజధాని కట్టుకున్నారు. ఏడాది వాన దాదాపు అంతా జూన్ నుంచి అక్టోబర్ లోపే కురుస్తుంది. అందులోనూ పెద్ద భాగం కొద్ది రోజుల జడివానల్లోనే వచ్చేస్తుంది. వచ్చిన నీళ్లు బండల మీద నుంచి జారి, వాగుల్లో పడి, కొన్ని గంటల్లోనే చెయ్యి జారిపోతాయి. ఈ నేల మీద లక్షల మందికి తిండి, సైన్యానికి గ్రాసం, ఖజానాకు పన్ను పుట్టించాలి. పదకొండో శతాబ్దం నుంచి పద్నాలుగో శతాబ్దం మొదటి పాదం దాకా కాకతీయుల పాలన మొత్తం ఈ లెక్క చుట్టూ తిరిగింది.

దానికి వాళ్లు ఒక్క మహా జలాశయాన్ని జవాబుగా ఎంచుకోలేదు. పనిని వేల ముక్కలు చేశారు. ప్రతి ముక్కా ఒక ఊరి చెరువు, లేదా ఒక కుంట. ఆ ముక్కలను వాగులతో, కాలువలతో కలిపారు. వాటినే మనం గొలుసుకట్టు చెరువులంటున్నాం. కాకతీయులకు ముందూ తెలంగాణలో చెరువులున్నాయి, తర్వాతా తవ్వారు. అయినా ఈ పద్ధతిని ఒక రాజ్యం స్థాయికి పెంచింది వాళ్లే. ఇరవై ఒకటో శతాబ్దంలో తెలంగాణ ప్రభుత్వం లెక్క తీస్తే రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు తేలాయి.

గొలుసు ఎలా పని చేస్తుందో చూడాలంటే ఒక వాగును తల నుంచి పట్టుకుని దిగాలి. గుట్ట వాలులో మొదట చిన్న కుంట ఉంటుంది. దాని కింద సాగు పెద్దగా ఉండదు. పశువులు తాగుతాయి, చుట్టుపక్కల బావుల్లో ఊట పెరుగుతుంది, వాన తోడు తెచ్చిన మట్టి, మొరం కొంత అక్కడే ఆగిపోతుంది. కుంట నిండాక మిగిలిన నీళ్లు దిగువ చెరువుకు పోతాయి. అక్కడ రెండు గుట్టల మధ్యో, రెండు మిట్టల మధ్యో మట్టికట్ట ఉంటుంది. నీటి వైపు వాలుకు రాతి పేర్పు. కట్ట కింద తూము, తూము నుంచి పంట కాలువ, కాలువ కింద ఆయకట్టు. కట్ట చివర, కట్ట కన్నా తక్కువ ఎత్తులో, రాతితో కట్టిన మత్తడి. చెరువు నిండితే నీళ్లు మత్తడి దూకి మళ్లీ వాగులో పడతాయి. ఆయకట్టులో వరి మళ్లు తాగి వదిలిన నీళ్లు, కట్ట కింద ఊరిన జాలు నీళ్లు కూడా చివరికి ఆ వాగులోకే చేరతాయి. వాటిని పట్టుకోవడానికి కింద ఇంకో కట్ట సిద్ధంగా ఉంటుంది. పై ఊరి రైతు పొలంలో ఒకసారి పారిన నీళ్లే కింది ఊరి రైతు పొలంలో రెండోసారి పారతాయి.

ఈ ఏర్పాటులో అసలు నైపుణ్యం మత్తడి ఎత్తులో ఉంది. కింది చెరువు మత్తడిని ఒక్క అడుగు లేపితే నీళ్లు వెనక్కి తన్ని పై చెరువు ఆయకట్టును ముంచుతాయి. పై చెరువు మత్తడిని ఒక్క అడుగు లేపితే కింది చెరువుకు నీళ్లు ఆలస్యంగా చేరతాయి. కరువు ఏడాదిలో అసలు చేరవు. అంటే ఒక ఊరు తన చెరువును తన ఇష్టం వచ్చినట్టు పెంచుకోవడానికి లేదు. ఆ రాతి గట్టు ఎత్తు మీద పైన రెండు ఊళ్లు, కింద నాలుగు ఊళ్లు బతుకుతాయి. మత్తడి మీద రాత్రికి రాత్రి మట్టి కట్టలు వేయడం, పొద్దున్నే కింది ఊరివాళ్లు వచ్చి తెంచేయడం, పంచాయితీలు పెట్టుకోవడం తెలంగాణ పల్లెలకు కొత్త సంగతి కాదు.

ఈ ముక్కలను కట్టినవాళ్ల జాబితా చూస్తే పనిని ఎంతమంది పంచుకున్నారో తెలుస్తుంది. పదకొండో శతాబ్దంలో మొదటి ప్రోలరాజు తన బిరుదైన అరిగజకేసరి మీదుగా కేసరి తటాకం తవ్వించాడు. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో గుడి కట్టించాడు, ఆ గుడి శాసనం 1213 నాటిది. గుడికి తోడు చెరువూ వచ్చింది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చిన రామప్ప గుడి అదే. పాకాల చెరువు గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి చేయించిన పని. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో ధర్మకీర్తి సముద్రం తవ్వించింది. అక్కడి చెరువు శాసనంలో కాకతీయుల వంశావళి ఉంది. ఆ రాజుల పూర్వీకుల గురించి చరిత్రకారులకు తెలిసిన దానిలో మంచి భాగం ఆ చెరువుగట్టు రాతి నుంచే వచ్చింది. చౌండ సముద్రం, సబ్బి సముద్రం, గౌర సముద్రం, కుంద సముద్రం అంటూ శాసనాల్లో కనిపించే పేర్లు మరెన్నో. రాజు, రాణివాసం, మంత్రి, సేనాని, సామంతుడు, ఊరి పెద్ద, అందరూ తలా ఒక ముక్క ఎత్తుకున్నారు.

ఇంతమంది ఎందుకు ముందుకొచ్చారు? పుణ్యం ఒక కారణం. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం, వనం నాటించడం సప్త సంతానాల్లోవని నమ్మిన కాలమది. దాని పక్కనే లాభమూ ఉంది. కాకతీయులు నాయంకర పద్ధతిలో గ్రామాలను నాయకుల చేతికిచ్చి, బదులుగా సైన్యాన్ని పోషించమన్నారు. చెరువు కింద తరి పెరిగితే నాయకుడి రాబడి పెరుగుతుంది, రాజుకు చేరే సైన్యమూ పెరుగుతుంది. ఇక దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవాడికో, మరమ్మతు చూసేవాడికో ఆ చెరువు కింద పండిన పంటలో పదో వంతో, అందుకు సరిపడే మాన్యమో ఇచ్చేవారు. చెరువు బాగుంటేనే ఆ పదో వంతు వస్తుంది. గండి పడితే తనకూ పోతుంది. ప్రతి ముక్కకూ దాని మరమ్మతు ఖర్చు ఆ ముక్కలోనే పుట్టేలా చూడటం ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా తెలివైన పని. ఖజానా నుంచి నిధులు ఎప్పుడొస్తాయా అని చెరువు ఎదురుచూడలేదు. రాజ్యం 1323లో ఢిల్లీ సేనల చేతిలో కూలిపోయినా చెరువులు నీళ్లిస్తూనే ఉండటానికి ఇదొక బలమైన కారణం.

ముక్కలు చేయడం వల్ల వచ్చిన ఇంకో మేలు సమయానిది. పెద్ద ఆనకట్ట పూర్తయ్యేదాకా ఒక్క చుక్క ఇవ్వదు. చెరువు కట్ట పోసిన ఏడాదే నిండుతుంది, మరుసటి పంటకే కాలువ పారుతుంది. కోతలు అయిపోయాక, ఎండాకాలంలో చేతిలో పని లేని జనమే కూలికి వచ్చి మట్టి మోస్తారు. ఒక చెరువు చూసి పక్క ఊరు నేర్చుకుంటుంది. ఎక్కడ కట్ట నిలిచింది, ఎక్కడ ఊట కొట్టింది, ఏ నేలలో తూము కుంగింది, ఈ అనుభవం మళ్లీ మళ్లీ కొత్త కట్టలోకి చేరుతుంది. మూడు వందల ఏళ్ల పాటు ఇలా సాగిన పనిలో పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం లాంటి పెద్ద చెరువులు పుట్టాయి. రామప్ప, లక్నవరం నీళ్లు గోదావరి వైపు, పాకాల నీళ్లు మున్నేరు మీదుగా కృష్ణ వైపు పోతాయి. రాజధాని ఏ గట్టు మీద ఉందో ఆ గట్టుకు రెండు వాలుల్లోనూ గొలుసులు వేశారన్నమాట.

ఇంత పనికి ఆధారమైన శాస్త్రం ఎలాంటిదో కడప జిల్లా పోరుమామిళ్ల చెప్తుంది. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజ సాగరం కట్టించి శాసనం వేయించాడు. కాకతీయులు పోయిన అరవై ఏళ్ల లోపే. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెరువుకు రాకూడని దోషాలు ఆరు అని కూడా ఉంది. కట్ట నుంచి నీళ్లు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో తాబేలు వీపులా లేచిన మిట్ట, నీళ్లు కొంచెమై భూమి ఎక్కువ కావడం, భూమి కొంచెమై నీళ్లు ఎక్కువ కావడం. ఇవన్నీ ఇంజనీరు చెప్పే మాటలే. మిగిలిన ఒక్క దోషం మాత్రం ఇంజనీరింగుకు అవతలది: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదు. ఇద్దరు యజమానుల మధ్య పడిన చెరువును ఎవరూ బాగుచేయరని ఆ కాలంవాళ్లకు తెలుసనిపిస్తుంది. ఈ సరిహద్దు దోషాన్ని గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి ఆరున్నర శతాబ్దాల్లో గొలుసు తెగిన ప్రతిచోటా అదే కనిపిస్తుంది.

ఊళ్లో చెరువుకు రోజువారీ యజమాని నీరటి. పాత చెరువుల తూము ఇప్పటి గేటులాంటిది కాదు. నీళ్లలో నిలబెట్టిన రాతి స్తంభాలు, వాటి మధ్య రంధ్రాలున్న రాతి పలకలు, ఆ రంధ్రాన్ని మూసే బిరడా, బిరడాకు పొడవాటి కర్ర. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరటి ఈదుకుంటూ తూము దాకా వెళ్లి, కర్ర పట్టుకుని బిరడా ఎత్తి, కాలువకు ఎంత కావాలో అంత వదిలి, మళ్లీ ఈదుకుంటూ కట్టకు రావాలి. ఏ మడికి ఎప్పుడు నీళ్లు, ఎవరి వంతు ఎంతసేపు అన్నది అతని నోట్లో ఉండేది. జడివాన రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేది అతనే. ఎలుక బొరియ పెద్దదైనా, పీతల బొరియ నుంచి బుగ్గ లేచినా మొదట చూసేది అతనే. కూలి డబ్బుల్లో కాదు, కళ్లంలో గింజల రూపంలో ముట్టేది. ఆయకట్టు పండితేనే అతనికి తిండి. అయితే ఈ కావలి ఒక ఊరి కట్ట దాకానే. రెండు ఊళ్ల మధ్య వాగులో చెట్లు మొలిస్తే, మట్టి మేట వేస్తే చూడటానికి నీరటి లేడు.

గొలుసుకు ఉన్న ప్రమాదం 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో బయటపడింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసింది. మూసీ పొంగి నగరాన్ని తుడిచిపెట్టింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య కారణాలు వెతుకుతూ నగరం ఎగువకు వెళ్లాడు. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయని లెక్క తేల్చాడు. పైన ఒక కట్ట తెగితే ఆ చెరువు నీళ్లన్నీ వాననీళ్లకు తోడై కింది చెరువు మీద పడతాయి. అది తెగితే రెండు చెరువుల నీళ్లు మూడోదాని మీద పడతాయి. మామూలు రోజుల్లో నీళ్లను పొదుపుగా కిందికి దించే ఏర్పాటే ఆ రోజు వరదను పోగుచేసి నగరం మీద వదిలింది. ముక్కలు చేసిన పనిలో ఒక ముక్క పోతే మిగతావి నిలుస్తాయన్న ధీమా, ముక్కల మధ్య దారి సరిగా ఉన్నంత వరకే చెల్లుతుంది.

విశ్వేశ్వరయ్య సూచన మీద మూసీకి, ఈసకు పెద్ద జలాశయాలు వచ్చాయి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. మంజీర మీద 1931 నాటికి నిజాం సాగర్ పూర్తయింది. అక్కడి నుంచి ప్రభుత్వాల చూపు పెద్ద కట్టడాల మీదికి మళ్లింది. 1963 జులై 26న పోచంపాడులో నెహ్రూ శ్రీరాంసాగర్‌కు శంకుస్థాపన చేశారు. దాని ప్రధాన కాలువకు కాకతీయ కాలువ అని పేరు పెట్టారు. కాలువ దిగువ మానేరు డ్యాం మీదుగా వరంగల్ పొలాలదాకా రావాలి. కాకతీయుల పేరైతే నిలిచింది, చివరి ఆయకట్టుకు నీళ్లు అందడం మాత్రం దశాబ్దాల పోరాటమైంది. పొడవాటి కాలువలో మొదటి కిలోమీటర్ల రైతుకు నీళ్లు, చివరి కిలోమీటర్ల రైతుకు ఎదురుచూపు. కాలువ చివరి భూముల గోడు తెలంగాణ ఉద్యమ సభల్లో వినిపించింది.

కాకతీయుల పద్ధతి తిరిగి వచ్చిన చోటు దేవాదుల ఎత్తిపోతల పథకం. ములుగు అడవుల్లో గంగారం దగ్గర గోదావరి నీళ్లు తోడి, సుమారు 71 మీటర్ల మట్టం నుంచి 540 మీటర్ల దాకా ఎత్తిపోయాలి. ఓరుగల్లుకు నది లేదన్న పాత కొరతను పంపులతో తీర్చే ప్రయత్నమిది. 2004లో పనులు మొదలైన ఈ పథకానికి తర్వాత కరీంనగర్ నాయకుడు జువ్వాడి చొక్కారావు పేరు పెట్టారు. ప్రణాళికలో 38.16 టీఎంసీలు, 6.21 లక్షల ఎకరాలు. ఒక్క బిగిన చేయలేని పని కనుక మూడు దశలు చేశారు, దశలను ప్యాకేజీలు చేశారు. నీళ్లు ఒక్క ఎత్తున పైకి పోవు. భీంఘణపురం, పులుకుర్తి, ధర్మసాగర్, అశ్వరావుపల్లి, తపాసుపల్లి, ఇలా ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి ఎక్కుతాయి. మూడో దశలో ఆ మజిలీల్లో రామప్ప చెరువు కూడా ఉంది. 1213లో శాసనం వేసిన సేనాని చెరువు ఇరవై ఒకటో శతాబ్దపు ఎత్తిపోతలకు నిల్వ జలాశయమైంది. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో ఎనిమిది వందల ఏళ్ల కింద వాళ్లు వెతికి పెట్టిన చోటునే ఇంజనీర్లు మళ్లీ ఎంచుకున్నారు.

దేవాదులలో కూడా కష్టం అతుకుల దగ్గరే వచ్చింది. రామప్ప వైపు నుంచి ధర్మసాగర్ దాకా సుమారు 49 కిలోమీటర్ల సొరంగం తవ్వాలి. 2011లో చలివాగు దగ్గర సొరంగంలోకి నీళ్లు దూసుకొచ్చి కూలీలు ప్రాణాలు కోల్పోయారు, ఏళ్ల తరబడి పని ఆగిపోయింది. రెండు జలాశయాలూ ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని కలిపే దారి లేక మూడో దశ నీళ్లు ఆలస్యమయ్యాయి. 2025 మార్చిలో దేవన్నపేట పంపుహౌస్ నుంచి ధర్మసాగర్‌కు నీళ్లు చేరాయి. పని మొదలుపెట్టినప్పుడు పుట్టిన పిల్లలు అప్పటికి ఇరవై దాటారు. ప్యాకేజీ ఒక్కొక్కటి ఒక్కో కంపెనీది. ప్యాకేజీకీ ప్యాకేజీకీ మధ్య ఏది ముందు పూర్తి కావాలో, ఎవరు ఎవరి కోసం ఆగాలో చెప్పి చేయించే చెయ్యి బలంగా ఉండాలి. దశలుగా విడగొట్టిన ప్రతి పథకానికీ ఇది వర్తిస్తుంది. విడగొట్టడానికి పెట్టిన శ్రద్ధలో సగం కూడా కలపడానికి పెట్టకపోతే పంపులు ఒకచోట, నీళ్లు ఇంకోచోట మిగిలిపోతాయి.

ఈ లోపు పాత గొలుసులు ఏమయ్యాయి? బోరుబావులు వచ్చాయి. ఎవరి పొలంలో వాళ్లకు నీళ్లు దొరకడంతో చెరువు మీద అందరికీ ఉన్న ఆశ పలచబడింది. 1980లలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఆ పెత్తనం పోవడం న్యాయమే. కానీ దాని నీడన నడిచిన చెరువు కట్టుబాట్లకు, నీరటి గింజలకు బదులు ఏర్పాటు గట్టిగా నిలవలేదు. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టారు, అవీ కొన్నాళ్లే చురుగ్గా సాగాయి. శిఖం భూముల్లో పట్టాలు, వాగుల్లో ఇళ్లు, మత్తడి కింద రోడ్లు వచ్చాయి. చెరువు కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఆక్రమిస్తే అడిగేవాళ్లు కొందరైనా ఉంటారు. ఎండాకాలంలో పొడిగా పడి ఉండే వాగును ప్లాటు చేస్తే అది వాగని గుర్తుపట్టేవాళ్లు తక్కువ.

2015 మార్చి 12న ఇప్పటి కామారెడ్డి జిల్లా సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. మన ఊరు మన చెరువు అనే పిలుపుతో 46 వేల పైచిలుకు చెరువులను ఐదేళ్లలో, ఏడాదికి ఐదో వంతు చొప్పున బాగుచేయాలని సంకల్పం. చిన్న నీటి వనరులకు గోదావరి, కృష్ణ పరీవాహకాల్లో కలిపి 250 టీఎంసీలకు పైగా కేటాయింపు ఉంది. చెరువులు పూడిపోవడం వల్లే ఆ వాటాలో చాలా భాగం వాడుకోలేకపోతున్నామన్నది దాని వెనుక వాదన, సరైన వాదనే. పూడిక మట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. ఆ ఎండాకాలం వరంగల్ పల్లెల్లో ఏ చెరువులో చూసినా పొక్లెయిన్లు, ట్రాక్టర్ల బారులే. నల్లటి మట్టి చేలల్లో పరుచుకుంది. నాలుగు దశల్లో వేల చెరువులకు కట్ట, తూము, మత్తడి బాగుపడ్డాయి, చాలాచోట్ల బావుల్లో ఊట పెరిగింది. ఇది పెద్ద పని, మెచ్చుకోవలసిన పని. అయితే పని విడివిడి చెరువులుగా సాగింది. టెండరు చెరువుకు, కొలత చెరువుకు, బిల్లు చెరువుకు. ఒక వాగు మీద ఉన్న గొలుసు మొత్తాన్ని పై కుంట నుంచి కింది చెరువు దాకా ఒకే పనిగా తీసుకుని, మధ్యలోని కాలువలతో సహా బాగుచేసి ఉంటే ఫలితం ఇంకా గట్టిగా ఉండేది.

శ్రీలంక ఈ విషయంలో చూడదగ్గ ఉదాహరణ. అక్కడి పొడి ప్రాంతంలోనూ మన గొలుసుల్లాంటి చెరువులే ఉన్నాయి. ఆ గొలుసు మొత్తాన్ని, మధ్యలోని అడవులు, గడ్డి పట్టీలు, ఊళ్లతో కలిపి ఒకే వ్యవస్థగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. బాలి ద్వీపంలో వరి మళ్ల నీటి సంఘాలు ఒక కాలువ మీది ఊళ్లన్నిటినీ గుడి కేంద్రంగా ఒక్క మాట మీద నడిపిస్తాయి. ఎవరు ఎప్పుడు నాట్లు వేయాలో కూడా కలిసి తేల్చుకుంటారు. 2012లో యునెస్కో ఆ సుబక్ పద్ధతికి వారసత్వ హోదా ఇచ్చింది. రామప్ప గుడికి హోదా వచ్చినప్పుడు వరంగల్ పండగ చేసుకుంది. గుడితో పాటు పుట్టిన చెరువు, ఆ చెరువుకు నీళ్లు తెచ్చే వాగులు కూడా అదే వారసత్వంలో భాగమని చూడాల్సిన అవసరం ఉంది.

నగరానికి వచ్చేసరికి గొలుసు తెగిన బాధ ఇళ్లలోకే వస్తోంది. 2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడి రాష్ట్ర రికార్డులు చెదిరిపోయాయి. ఆ వానల్లోనే వరంగల్ నడిబొడ్డున భద్రకాళి చెరువుకు పోతన నగర్ వైపు గండి పడింది. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను మళ్లీ కాలనీలను ముంచింది. ప్రతిసారీ పడవలు, పునరావాస కేంద్రాలు, నాలాల మీద ఆక్రమణలు తొలగిస్తామన్న ప్రకటనలు. బొందివాగు, నయీంనగర్ నాలా అని ఇప్పుడు మనం పిలుస్తున్నవి ఒకప్పుడు ఒక చెరువు మత్తడిని ఇంకో చెరువుకు కలిపిన వాగులే. మురుగు కలిసి నాలాలయ్యాయి, ఇరుకై ఆపదలయ్యాయి.

కాశిబుగ్గదీ ఇదే పరిస్థితి. కాశీ విశ్వేశ్వరాలయం ఉన్న ఈ పేటకు పక్కనే చిన్న వడ్డేపల్లి చెరువు ఉంది. సద్దుల బతుకమ్మ నాడు వాడవాడల ఆడవాళ్లు పూల బతుకమ్మలను సాగనంపేది అక్కడే, వినాయకులు నిమజ్జనమయ్యేదీ అక్కడే. ఏటా పండగ ముందు గట్టు శుభ్రం చేస్తారు, లైట్లు కడతారు. పెద్ద వాన పడితే అదే చెరువు దిగువన ఎస్‌ఆర్ నగర్, సాయిగణేశ్ కాలనీ వాసులు సామాన్లు మంచాల మీదికెత్తి బిక్కుబిక్కుమంటూ రాత్రి గడుపుతారు. చెరువులో నీళ్లు ఎక్కువ కావడం తప్పు కాదు, చెరువు పని నిండటమే. నిండిన నీళ్లు దిగువకు పోయే దారి ఇరుకు కావడమే ముంపుకు కారణం.

నగరపాలక సంస్థ దగ్గర, నీటిపారుదల శాఖ దగ్గర, రెవెన్యూ శాఖ దగ్గర విడివిడిగా ఉన్న పటాలను ఒకచోట పరిచి, వరంగల్ చుట్టూ ఉన్న ప్రతి గొలుసును పై కుంట నుంచి చివరి చెరువు దాకా ఒకే గీతగా గుర్తించడం మొదటి పని. ఆ గీత మీద ఉన్న వాగు వెడల్పును రాళ్లు పాతి హద్దుగా చూపడం రెండోది. చెరువుకు ఒక శాఖ, నాలాకు ఒక శాఖ అన్న పద్ధతి మాని గొలుసుకు ఒక్క అధికారిని జవాబుదారీ చేయడం మూడోది. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషం పోయేది అప్పుడే. ఇక కాశిబుగ్గ వాసులు తమవంతుగా చేయగలిగింది ఒకటుంది. ఈసారి బతుకమ్మకు చెరువు గట్టు మీద ఏర్పాట్లు అడిగేటప్పుడు, మత్తడి నుంచి నీళ్లు ఎటు పోతాయో, ఆ దారి ఎంత వెడల్పు ఉండాలో, ఇప్పుడు ఎంత ఉందో కూడా కార్పొరేటర్‌ను అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.